మార్తాండుల దిష్టి రిపోర్టు

ముంతజా మార్తాండులు ప్రతి శుక్రవారం తెల్లవారుజామున ఉదయిస్తారు, ఎండ ముదరకముందే అస్తమిస్తారు. దోహాలో ఇన్నేళ్ళుగా ఈ ఖగోళ నియమం తప్పలేదు. ఆకాశంలో ఉన్న మార్తాండుడికి అప్పుడప్పుడు గ్రహణమైనా పడుతుంది. ఈ మార్తాండులకు మాత్రం ఏదీ పట్టడం తెలియదు, ముఖ్యంగా క్యాచ్‌లు.

ఇలాంటి క్రికెట్ జట్టుకి ఇద్దరు ఆస్థాన రచయితలు ఉన్నారంటే ఎవరూ నమ్మరు. ఉన్నారు. ఒకాయన అల్ ముంతజాలో కాపురముండే రామచంద్రరావు. కాకినాడ మనిషి, యాభై దాటిన మనిషి, కన్‌స్ట్రక్షన్ కంపెనీలో అంచనాలు వేసే ఇంజినీరు. ఏ గోడకి ఎంత సిమెంటు పడుతుందో చెప్పడానికి ఆయనకి వారం పడుతుంది. మన ఓపెనర్లు ఎప్పుడు పడతారో చెప్పడానికి క్షణం చాలు. రెండో ఆయన పోశన్న. జగిత్యాల దగ్గరి పల్లె, పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్, ఉండేది కంపెనీ క్యాంపులో. జట్టు పుట్టిన రోజు నుంచీ ఇద్దరూ దానికి అభిమానులు. ఆటగాళ్ళు మారారు. కెప్టెన్లు మారారు. మైదానాలు మారాయి, ఒకదాని మీద ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది. మారనివి రెండే: జట్టు ఓటమి, గట్టు మీద ఈ ఇద్దరు.

ప్రతి మ్యాచ్ మీదా ఇద్దరూ కలిసి వాట్సాప్ గ్రూపులో రిపోర్టు రాస్తారు. బౌలింగు సంగతులు రావుగారివి, బ్యాటింగు సంగతులు పోశన్నవి. ఒకరిది గోదారి తెలుగు, ఒకరిది గోదారికి పైనున్న తెలుగు. రామచంద్రరావులో 'రా', పోశన్నలో 'పో' తీసుకుని శీర్షికకి 'రా–పో' అని పేరు పెట్టుకున్నారు. క్రీజులోకి రావడం, పోవడం తప్ప మన బ్యాటర్లు చేసేది ఎలాగూ ఇంకేం లేదు కనక పేరు బాగా అతికింది.

వారమంతా రామచంద్రరావు రాసే అంచనాలు, ప్రతిపాదనలు ఎవరూ చివరిదాకా చదవరు. సంతకం పెట్టేవాళ్ళు కూడా చదవరు. రా–పో మాత్రం దోహాలో తెలుగువాళ్ళంతా చదువుతారు, చదివి పక్కవాళ్ళకి పంపుతారు. పల్లెలో పోశన్న భార్య గంగామణి బీడీలు చుట్టే ఆడవాళ్ళందరికీ దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. అక్కడ వాళ్ళు బీడీలు చుడుతుంటే ఇక్కడ మనవాళ్ళు సున్నాలు చుట్టారన్న వార్త వాళ్ళకి మంచి కాలక్షేపం. రామచంద్రరావుకి ఈ ప్రపంచంలో ఉద్యోగం పోతుందన్న భయం లేదు, జుట్టు పోతుందన్న భయం ఎప్పుడో పోయింది. రా–పో పోతే మాత్రం తట్టుకోలేడు.

సరిగ్గా అదే పోయే గతి పట్టింది.

బుధవారం సాయంత్రం ముషైరిబ్‌లో ఆఫీసు కింద కరక్ చాయ్ తాగుతుంటే కొత్త కెప్టెన్ నితీష్ వచ్చి పక్కన కూర్చున్నాడు. హైదరాబాదు కుర్రాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేరు, మాట మాత్రం హార్డు.

"అంకుల్, ఒక మాట చెప్తా, ఫీల్ కావద్దు."

"మీ ఫీల్డింగ్ చూసే ఫీలవనివాణ్ణి. చెప్పు నాయనా."

"గదే అంకుల్ ప్రాబ్లెం. మీ రిపోర్టులు చదివి మనోళ్ళు డౌన్ అయితున్నరు. పోయిన నెల భరణిని కుంకుమ భరిణె అన్నరు."

"ఎప్పుడూ మూత తెరిచే ఉంటుందన్నాను. రెండు చేతులూ చాచి నిలబడి మధ్యలోంచి బంతిని సాగనంపితే ఇంకేమనాలి?"

"ఇది ఫైనల్ అంకుల్. జిందగీల ఫస్ట్ టైమ్ వచ్చినం."

అది నిజమే. ఉన్నవే నాలుగు జట్లు కనక సెమీఫైనల్ ఎలాగూ వచ్చింది. అందులో ఎదుటి జట్టు వ్యాను సల్వా రోడ్డు మీద టైరు పేలి ఆగిపోవడంతో మార్తాండులు బ్యాటు పట్టకుండానే ఫైనల్‌కి చేరారు. రామచంద్రరావు దాన్ని 'టైర్ బ్రేకర్' అని రాశాడు.

"శుక్రవారం రిపోర్టుల ఒక్క సెటైర్ కనబడొద్దు" అన్నాడు నితీష్. "ఓడినా గెలిచినా మొత్తం పాజిటివ్. ఒక్క లైను తేడా వచ్చినా రా–పో బంద్. వచ్చే సీజన్ నుంచి రీల్స్ చేసుకుంటం."

రామచంద్రరావు చేతిలో చాయ్ చల్లారింది. వెక్కిరించకుండా మార్తాండుల గురించి రాయడమంటే ఉప్పూ కారం లేకుండా ఊరగాయ పెట్టడం. అయినా శీర్షిక బతకడం ముఖ్యం. సరేనన్నాడు.

గురువారం సాయంత్రం పోశన్న ఫ్లాటుకి వచ్చాడు. మ్యాచ్‌కి ముందురోజు రావడం అలవాటే, ఎందుకంటే ఆ రోజు ఇద్దరూ కలిసి దిష్టి రిపోర్టు రాయాలి.

దీని కథ ఇది. చాలాకాలం కిందట ఒకసారి బిర్యానీకి ఆలస్యమవుతుందని రామచంద్రరావు విజయవార్త ముందే రాసి పెట్టుకున్నాడు. మర్నాడు జట్టు పేకమేడలా కూలింది. అప్పుడు పోశన్న తీర్పు చెప్పాడు: కట్టే ఇంటికి దిష్టిబొమ్మ పెడతాం, పిల్ల బుగ్గన నల్లచుక్క పెడతాం, ఆడే జట్టుకి మనం ఏం పెట్టినం? అప్పటి నుంచీ ముందురోజే ఒక ఘోరపరాజయం రాసి కంప్యూటర్లో దాస్తారు. అది దిష్టికి. మ్యాచ్ అయ్యాక అసలుది రాయాలి. కాని ఆ టైరు పేలిన రోజు తప్ప రాయాల్సిన పని ఎప్పుడూ పడలేదు. మైదానం నుంచి రావుగారు ఇంటికి ఫోను చేసి, "వేదా, అదే ఖాయమైంది, రెండు పేర్లు మార్చి పంపెయ్" అంటాడు. ఆయన భార్య వేదవతి రెండు పేర్లు మార్చి గ్రూపులోకి పంపేస్తుంది. మన దిష్టిబొమ్మ అంత నికార్సయిన పోలికలతో ఉంటుంది.

"ఫైనల్ సార్. దిష్టి గట్టిగ తాకుతది. బొమ్మ గూడ పెద్దగుండాలె" అన్నాడు పోశన్న చేతులు రుద్దుకుంటూ.

"రేపు ఎలాగూ పంచదార పాకం రాయాలి. ఇవాళైనా కారం నూరుదాం."

రామచంద్రరావు మొదలుపెట్టాడు. "మన బౌలర్లు వేసినది బౌలింగు కాదు, బంతిభోజనం. ఎదుటివాళ్ళు అడిగినవాడికి అడిగినంత వడ్డించారు. ఫీల్డర్లకు పట్టుదల ఉంది, పట్టే చేతులే లేవు. పరుగులు వాళ్ళకి వచ్చాయి, పరువు మనకి పోయింది."

పోశన్న కుర్చీ లాక్కుని ఒంటివేలితో అందుకున్నాడు. "కెప్టెన్ నితీష్ మొదటి బాలుకే ఈగను కొట్టినట్టు బ్యాటు ఊపిండు. ఈగ పోయింది, వికెట్ పోయింది. భరణి రెండో రన్నుకు ఉరికిండు, అవతలోడు ఉరకలే. నడుమ నిలవడి తప్పిపోయిన మేక లెక్క అటు జూసిండు, ఇటు జూసిండు, రనౌట్ అయ్యిండు."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అంత నవ్వులోనూ ఎవరి గురించీ ఉత్తుత్తి మాట ఒక్కటి రాయలేదు. ఏళ్ళ తరబడి చూసిన కళ్ళు. ఎవడు ఏ బంతికి ఎలా మోసపోతాడో వాళ్ళకి కన్నపిల్లల అల్లరిలా తెలుసు. బ్యాటర్లందరినీ వరసగా అవుట్ చేసి, చివరివాడైన నాగూర్ దగ్గరికి వచ్చేసరికి వేదవతి పెసరట్లు తెచ్చింది.

"వేడిమీద తినండి. ఓటమి చల్లారినా బాగుంటుంది, అట్టు బాగోదు" అంది.

అట్ల ముందు ఆట ఆగింది. నాగూర్ అలాగే మిగిలిపోయాడు.

శుక్రవారం. అల్ తుమామా అవతల ఖాళీ జాగాలో మట్టి మైదానం, సిమెంటు పిచ్, దాని మీద చాప. బౌండరీ గీత దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో మన రచయితలు. ఎదుటి జట్టు పక్క ఊరి వక్రా వస్తాదులు, వాళ్ళ కెప్టెన్ గజేందర్. పేరుకు తగ్గట్టే నడిస్తే మైదానం అదురుతుంది. వస్తాదులు ముందు ఆడి, మార్తాండుల బంతిభోజనం సుష్ఠుగా ఆరగించి, పెద్ద స్కోరే చేశారు. మన బ్యాటింగుకి ముందు మంచినీళ్ళ విరామం.

అప్పుడు మైదానంలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి 'టింగ్' మన్నాయి.

రామచంద్రరావు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. గ్రూపులో తన పేరు మీద పొడుగాటి మెసేజి: "రా–పో: మార్తాండుల మహాస్తమయం."

ముందురోజు రాసిన దిష్టి రిపోర్టే. ఇంటికి ఫోను చేశాడు.

"వేదా, అది ఎందుకు పంపావు?"

"ఎలాగూ కాసేపట్లో మీరే ఫోను చేసి పంపెయ్యమంటారు కదండీ. నేను మ్యాచ్ తర్వాత తెలుగు అసోసియేషన్ భోజనాలకి పులిహోర కలిపి తుమామా బయల్దేరాలి. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా తేడా వచ్చిందా?"

"మనవాళ్ళు ఇంకా బ్యాటింగే చెయ్యలేదు."

"అయితే పేర్లు మీరే మార్చుకోండి" అని వేదవతి పెట్టేసింది.

తల ఎత్తేసరికి ఎదురుగా నితీష్, కాళ్ళకి ప్యాడ్లు, చేతిలో ఫోను.

"అంకుల్, నేను ఇంక క్రీజులకే పోలే. మీరు నన్ను అవుట్ జేసిన్రు."

"అది దిష్టికి రాసింది నాయనా. నీకు మంచి జరగాలని..."

"ఈగను కొట్టినట్టు ఊపిండంట. అవతలోళ్ళు చదువుకుంట నవ్వుతున్నరు చూడండి."

నిజమే. గజేందర్ తన జట్టునంతా చుట్టూ కూర్చోబెట్టుకుని రా–పోని పైకి చదువుతున్నాడు. ఆయన గొంతులో ఆ వాక్యాలు మహా రంజుగా ఉన్నాయి. ఇంత కష్టకాలంలోనూ రామచంద్రరావుకి లోపల చిన్న గర్వం కలిగి, వెంటనే సిగ్గేసింది. గ్రూపులో అప్పుడే సానుభూతి వెల్లువ మొదలైంది: "పోనీలెండి", "వచ్చే ఏడాది చూద్దాం", ఎవరో పొరపాటున "ఆత్మకు శాంతి".

"డిలీట్ కొట్టండి" అన్నాడు నితీష్.

రామచంద్రరావు బొటనవేలు తెర మీదికి వెళ్ళింది. పోశన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, దిష్టి తీసినంక ఎనుకకు జూస్తరా? కట్టుడు కాకముందే బొమ్మ దింపుతరా? మ్యాచ్ అయ్యేదాంక ఉండనియ్యి."

"పోశన్నా, అది ఉంటే మన శీర్షిక ఉండదు."

"అది దీస్తే మన టీమ్ ఉండది."

అటు శీర్షిక, ఇటు జట్టు. రామచంద్రరావు ఒక్క క్షణం గింజుకున్నాడు. తర్వాత ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"యల్లా, యల్లా" అని అంపైరు అరబ్బీలో తొందరపెట్టాడు. నితీష్ హెల్మెట్ తగిలించుకుంటూ, "అయిపోయింది అంకుల్. రా–పో కథ ఈడికి ఖతం" అనేసి మైదానంలోకి నడిచాడు.

ఖతర్‌లో ఖతం, అనుకున్నాడు రామచంద్రరావు. ప్రాస కుదిరినా నవ్వు రాలేదు.

మొదటి బంతి. ఆఫ్ స్టంపుకి బయట, ఊరించే బంతి, అచ్చు ఈగలాంటిది. నితీష్ బ్యాటు సగం లేచింది, ఆగింది, దిగింది. బంతి బుద్ధిగా కీపరు చేతికి వెళ్ళింది. నితీష్ కీపరు వైపు చూడలేదు, బౌలరు వైపు చూడలేదు. సరాసరి ప్లాస్టిక్ కుర్చీల వైపు తిరిగి అరిచాడు.

"ఏ ఈగ అంకుల్? ఎక్కడ?"

టెంటులో మార్తాండులంతా చప్పట్లు కొట్టారు. బంతిని వదిలేసినందుకు ఆ జట్టులో చప్పట్లు పడటం అదే మొదలు. వాళ్ళు ఇన్నాళ్ళూ వదిలేసినవన్నీ క్యాచ్‌లే.

ఆ తర్వాత జరిగినది క్రికెట్ కాదు, ప్రతీకారం. మార్తాండుల్లో ఎవడికీ గెలవాలని లేదు, రా–పోని అబద్ధం చెయ్యాలని ఉంది. ప్యాడ్లు కట్టుకునేవాడల్లా ఫోను తీసి, "నాకేం రాసిన్రు?" అని చూసుకుని, అందులో ఏది ఉందో అది తప్ప మిగతావన్నీ చేస్తున్నాడు. స్వీప్ కొట్టబోయి బోర్లా పడతాడని రాసినవాడు నిటారుగా నిలబడి ఆడాడు. భయంతో లెగ్గు వైపు జరుగుతాడని రాసినవాడు కాళ్ళు పాతేసినట్టు నిలిచాడు. మార్తాండుల ఇళ్ళలో నిలవ ఉండేది ఆవకాయ ఒక్కటే అనుకున్నాం; ఆ రోజు బ్యాటర్లూ నిలవున్నారు.

భరణి రెండో పరుగుకి ఉరకబోయాడు. టెంటంతా ఒక్క గొంతుతో "మేకా, మేకా" అని అరిచింది. భరణి చటుక్కున ఆగి, వెనక్కి తిరిగి, బ్యాటు గీతలో పెట్టాడు. మేక మందలో కలిసింది.

అవతల వస్తాదులకు ఇదంతా వినోదంగానే ఉంది. రిపోర్టు ముందే వచ్చేసిన మ్యాచ్‌కి కష్టపడటం ఎందుకని, గజేందర్ ఎన్నడూ బౌలింగు వెయ్యని తన బావమరిదికి కూడా ఒక ఓవరిచ్చాడు. బావమరిది కదా, అల్లుడికి పెట్టినట్టు వడ్డించాడు. ఆ ఓవరు తర్వాత గజేందర్ నవ్వడం మానేశాడు.

నితీష్ బోలెడు పరుగులు కొట్టి, చివరికి లాంగాన్‌లో క్యాచ్ ఇచ్చాడు. వచ్చి కుర్చీల పక్కన కూలబడి, హెల్మెట్ తీస్తూనే రామచంద్రరావు మీద పడ్డాడు.

"లాంగాన్ సంగతి ఎందుకు రాయలే అంకుల్? రాస్తే కొట్టకపోదును."

"నువ్వు అంతసేపు ఉంటావని మాకేం తెలుసు నాయనా?"

వికెట్లు పడ్డాయి, పరుగులు పడ్డాయి, చివరికి స్కోర్లు సమానమయ్యాయి. ఒక్క పరుగు వస్తే కప్పు. ఒక్క వికెట్టే మిగిలింది. అటు చివర భరణి ఉన్నాడు. బ్యాటు పట్టాల్సింది ఆఖరివాడు, నాగూర్. నెల్లూరు వాడు, మందుల షాపులో పని. మందు చీటీలో ఎలాంటి గొలుసు రాత ఉన్నా చదివేస్తాడు, బంతిని మాత్రం చదవలేడు. అతను క్రీజుకి వెళ్ళకుండా ఫోను పట్టుకుని కుర్చీల దగ్గరికి వచ్చాడు.

"సార్, కిందాకా వెతికినా. నా గురించి ఏం రాయలా. నేనేం చెయ్యకూడదో ఎట్టా తెలిసేది?"

పెసరట్టు, అనుకున్నాడు రామచంద్రరావు. అంతా పెసరట్టు వల్ల వచ్చింది.

నితీష్ లేచి నిలబడ్డాడు. "రాయండి అంకుల్. జల్దీ."

"నేనా? శీర్షిక ఖతమన్నావు కదా."

"అవన్నీ తర్వాత. మస్తు గలీజుగ రాయండి. ఒక్క పాజిటివ్ ముక్క ఉండొద్దు."

అంపైరు మళ్ళీ "యల్లా" అంటున్నాడు. రామచంద్రరావు ఫోను తీశాడు. జీవితంలో మొదటిసారి ఒక్క శ్లేష కూడా తట్టలేదు. తెలుగులో ఉన్న చమత్కారాలన్నీ మూకుమ్మడిగా సెలవు పెట్టి ఇండియా వెళ్ళిపోయినట్టున్నాయి. నాగూర్... నాగూరు... నాగు... ఊరు... ఊహూఁ.

"పోశన్నా, వీడు ఏం చేస్తాడు?"

"ఏం జేస్తడు సార్. బాల్ రాంగనే కండ్లు మూస్తడు. మూసి, ఊపుతడు."

రామచంద్రరావు చమత్కారం, ప్రాస అన్నీ వదిలేసి ఉన్నదున్నట్టు కొట్టాడు: "నాగూర్ ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని బ్యాటు ఊపాడు." పంపాడు. నాగూర్ చేతిలో ఫోను 'టింగ్' మంది. చదివాడు. నమ్మలేనట్టు చూశాడు.

"ఇంకెట్టా ఆడతారు సార్? అందరూ కళ్ళు మూసుకోరా?"

"మూసుకోరు" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

నాగూర్ వెళ్ళి నిలబడ్డాడు. కళ్ళు చింతగింజంత సైజులో ఉండేవి కాస్తా మైదానం అవతలి నుంచి కూడా కనబడేంత పెద్దవయ్యాయి. బౌలరు పరిగెత్తుకొచ్చాడు. రామచంద్రరావు తన కళ్ళు మూసుకున్నాడు. ఎవరో ఒకరు మూసుకోవాలిగా.

టక్ మని మెత్తటి చప్పుడు. కళ్ళు తెరిచేసరికి బంతి స్లిప్పు పక్కనుంచి తీరిగ్గా దొర్లుతోంది, భరణి తాడు తెంపుకున్న మేకలా పరిగెడుతున్నాడు. నాగూర్ మాత్రం అక్కడే నిలబడి బంతి వంక మురిపెంగా చూస్తున్నాడు.

"ఉరుకురా నాగూరూ" అని పోశన్న మొత్తుకున్నాడు. నాగూర్ ఉరికాడు. చేరాడు.

తర్వాత కాసేపు ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పడం కష్టం. ప్లాస్టిక్ కుర్చీలు రెండు విరిగాయి. నాగూర్ అందరికీ ఒకటే చెబుతున్నాడు, "బంతి ఎర్రగా ఉంటదన్నా. బలే ఉంటది" అని. గజేందర్ వచ్చి చెయ్యి కలిపి, "సార్, వచ్చే ఏడు మాకు రాయరాదు?" అని అడిగాడు. రావుగారు పెళ్ళయిన మనిషిలా బిగుసుకుపోయి, కుదరదన్నాడు.

ఆ సందడిలో ఒక టాక్సీ వచ్చి ఆగింది. వేదవతి దిగింది, చేతుల్లో మూతపెట్టిన పెద్ద గిన్నె. ముఖంలో పరామర్శకి వచ్చిన గాంభీర్యం.

"పోనీలెండి నాయనా" అంది గెంతుతున్న నితీష్ భుజం తట్టి. "ఆటన్నాక గెలుపోటములు ఉంటాయి. ఏడవకండి. కాస్త పులిహోర తినండి."

నితీష్ వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. దుఃఖంతో మతి పోయిందేమో అన్నట్టు ఆవిడ భర్త వంక చూసింది.

రామచంద్రరావు మాత్రం ఇంకా నవ్వడం లేదు. నితీష్ చేతిలో పులిహోర అయ్యేదాకా ఆగి, మెల్లిగా దగ్గరికి వెళ్ళాడు.

"మరి రిపోర్టు సంగతి ఏం చెయ్యమంటావు నాయనా? నీ మాట ప్రకారం, పూర్తిగా పాజిటివ్‌గా..."

"అంకుల్" అన్నాడు నితీష్, నోట్లో పల్లీ ఆపి. "ఇగ నుంచి మా గురించి ఒక్క మంచి మాట రాసిన్రంటే ఊకోను. మ్యాచ్‌కి ముందే రావాలె. అందరి పేర్లు ఉండాలె. లాంగాన్ కూడా ఉండాలె."

రామచంద్రరావు తల ఊపి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పులిహోరలో మిరపకాయ తగిలిందని అందరికీ చెప్పాడు.

పోశన్న ఫోను మోగింది. పల్లె నుంచి గంగామణి. ఆ పల్లెకి గల్ఫంతా దుబాయే. చుట్టూ బీడీలు చుట్టే ఆడవాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి.

"దుబాయ్‌ల మల్ల ఓడిపోయిన్రటగా? ఇప్పుడే చదివిన. మేక కాడ అందరు ఒకటే నవ్వుడు."

పోశన్న ఒడిలో కప్పు ఉంది. ఎండకి అది తళతళలాడుతుంటే దిష్టి తగలకుండా దాని మీద తువ్వాలు కప్పాడు. ఒకసారి రావుగారి వైపు చూశాడు. రావుగారు వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"అవునే" అన్నాడు పోశన్న, నవ్వు బిగబట్టుకుని. "మస్తు ఘోరంగ ఓడిపోయినం."